గుత్తి పేరుతో ప్రపంచం చుట్టిన నీలి సాలీడు: ఇంట్లో పెంచుకోవచ్చా, చట్టం ఏమంటోంది?

అనంతపురం జిల్లా గుత్తి అనగానే తెలుగువారికి కొండ మీది కోట, కింద రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. జర్మనీలోనో, బ్రిటన్‌లోనో, అమెరికాలోనో సాలీళ్లను పెంచేవారిని అడిగితే మాత్రం వేరే జవాబు వస్తుంది. వారికి గుత్తి అంటే ఒక టరాంటులా. ముదురు నీలం రంగు ఒళ్లు, కాళ్ల మీద పసుపు పట్టీలు, వీపు మీద తెల్లటి చారలు ఉండే పెద్ద సాలీడు. దీని శాస్త్రీయ నామం పీసిలోథీరియా మెటాలికా. మార్కెట్లో పేరు ‘గూటీ శాఫైర్’. అంటే గుత్తి ఇంద్రనీలం.

దీని పిల్లలు ఐరోపా, అమెరికా దేశాల్లో చిన్న ప్లాస్టిక్ డబ్బాల్లో అమ్ముడవుతుంటాయి. ఇది సహజంగా బతికే చోటు మాత్రం చాలా చిన్నది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2008లో వేసిన అంచనా ప్రకారం దాని విస్తీర్ణం 100 చదరపు కిలోమీటర్ల లోపే. ఆ సంస్థ ఈ జాతిని ‘తీవ్రంగా అంతరించిపోయే ప్రమాదంలో ఉన్నవి’ అనే వర్గంలో చేర్చింది. అంతకు మించిన ప్రమాద స్థాయి అడవిలో పూర్తిగా కనుమరుగు కావడమే.

టరాంటులాల పెంపకం భారత నగరాల్లోనూ కొందరికి అభిరుచిగా మారింది. అరవదు, వాసన రాదు, రోజూ తిండి అడగదు, బయట తిప్పనక్కర్లేదు, అద్దె గదిలో ఒక మూల సరిపోతుంది అన్నది వారు చెప్పే కారణం. ఆ మాటలన్నీ నిజమే. అయితే పెట్టెలోని సాలీడు ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని బతికించడానికి ఏం కావాలి, కరిస్తే ఏమవుతుంది, దగ్గర ఉంచుకోవడానికి చట్టం ఒప్పుకుంటుందా అన్న ప్రశ్నలకు జవాబులు అంత తేలిక కావు. గుత్తి సాలీడు కథలో ఈ నాలుగూ కలిసి కనిపిస్తాయి.

పేరు గుత్తిది, ఇల్లు నల్లమలది

ఈ జాతిని తొలిసారి శాస్త్రీయంగా వర్ణించింది బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసిన జంతుశాస్త్రవేత్త రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్. అది 1899. ఆయన ముందున్నది ఒకే ఒక్క నమూనా. అది గుత్తిలోని రైల్వే కలప డిపోలో దొరికింది. దాంతో గుత్తి పేరు దానికి స్థిరపడిపోయింది. ‘మెటాలికా’ అన్న లాటిన్ మాట దాని లోహపు మెరుపును చెబుతుంది.

తర్వాత వందేళ్ల పాటు ఆ సాలీడు జాడ లేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమల అడవిలో మళ్లీ కనిపించింది. ఆ చోటు గుత్తికి సుమారు 100 కిలోమీటర్ల దూరం. మరి 1899 నాటి సాలీడు గుత్తికి ఎలా చేరింది? నల్లమలలో కొట్టిన కలపతో పాటు రైలెక్కి వచ్చి ఉంటుందన్నది పరిశోధకుల అంచనా. పగలంతా చెట్టు తొర్రలో దాక్కునే జీవికి దుంగలో ప్రయాణం వింతేమీ కాదు. నంద్యాల నుంచి గిద్దలూరు వైపు రైలు మార్గం నల్లమల కనుమల గుండానే వెళుతుంది.

ఈ సాలీడు నేల మీద బొరియల్లో ఉండదు. ఆకురాల్చే అడవిలో పెద్ద చెట్ల తొర్రల్లో, విడిపోయిన బెరడు వెనుక గూడు కట్టుకుంటుంది. చీకటి పడ్డాక తొర్ర ముందుకు వచ్చి, ఎగిరే పురుగుల కోసం కాచుకుంటుంది. వల పన్ని అందులో పడేదాకా ఎదురుచూసే రకం కాదు, దూకి పట్టుకునే రకం. తొర్రలున్న ముసలి చెట్టు దాని ప్రాణాధారం. వంటచెరకు కోసం, కలప కోసం అలాంటి చెట్లు పోతే దానికి నిలువనీడ ఉండదు. ఐయూసీఎన్ అంచనాలో ప్రధాన ప్రమాదంగా చూపింది కూడా ఈ అడవి క్షీణతనే. చెట్లు తక్కువైన చోట ఒకే తొర్రలో ఒకటికి మించి సాలీళ్లు సర్దుకుని ఉండడం ఈ ప్రజాతిలో కనిపించే లక్షణం.

టరాంటులాలు అన్నీ ఒకటి కావు

‘టరాంటులా’ అన్న పేరు ఇటలీలోని టరాంటో పట్టణం నుంచి వచ్చింది. అక్కడ మొదట ఆ పేరుతో పిలిచింది వేరే రకం సాలీడును. తర్వాత ఐరోపావాసులు అమెరికా ఖండాల్లో చూసిన పెద్ద నూగు సాలీళ్లకు ఆ పేరు అంటుకుంది. ఇప్పుడు థెరఫోసిడే కుటుంబానికి చెందిన సాలీళ్లన్నింటినీ టరాంటులాలు అంటున్నారు. వాటిలో వెయ్యికి పైగా జాతులున్నాయి.

పెంచేవారు వీటిని రెండు పెద్ద గుంపులుగా చూస్తారు. ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల జాతులు ఒక గుంపు. వాటిలో చాలా వాటికి పొట్ట మీద దురద పుట్టించే సన్నని నూగు ఉంటుంది. బెదిరితే వెనుక కాళ్లతో ఆ నూగును రాల్చి గాలిలోకి విసురుతాయి. అది చర్మానికి తగిలితే దద్దుర్లు వస్తాయి, కంట్లో పడితే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. అయితే వీటిలో చాలా వాటి కాటు తేలికపాటిది, నడక నెమ్మది.

ఆసియా, ఆఫ్రికా జాతులు రెండో గుంపు. వీటికి ఆ నూగు ఉండదు. ఆత్మరక్షణకు ఉన్నవి వేగం, కాటు. గుత్తి సాలీడు ఈ గుంపులోదే.

దాని ప్రజాతి పీసిలోథీరియా ప్రపంచం మొత్తంలో భారత్, శ్రీలంకల్లో తప్ప మరెక్కడా సహజంగా లేదు. అరక్కోణం పేరుతో శాస్త్రానికి పరిచయమైన పీసిలోథీరియా రెగాలిస్ దక్షిణ భారతంలో కాస్త విస్తారంగా కనిపిస్తుంది. రామేశ్వరం దీవిలో గుర్తించిన హనుమవిలాసుమికా కూడా గుత్తి సాలీడులాగే తీవ్ర ప్రమాదపు జాబితాలో ఉంది. శ్రీలంక ఉత్తర ప్రాంతంలో దొరికిన రాజై జాతి కాళ్లు చాపితే 20 సెంటీమీటర్ల వరకు ఉంటుంది. దానికి ఆ పేరు, పరిశోధకులకు అన్వేషణలో సాయపడిన ఒక పోలీసు అధికారి పేరు మీదుగా పెట్టారు.

ఆ నీలం ఎక్కడిది?

గుత్తి సాలీడు ఇంత గిరాకీ సంపాదించడానికి కారణం దాని రంగే. విచిత్రం ఏమిటంటే ఆ రంగు ఏ వర్ణద్రవ్యం వల్లా వచ్చింది కాదు. దాని నూగులోని అతి సూక్ష్మ నిర్మాణాలు వెలుగులోని నీలి భాగాన్ని మాత్రమే గట్టిగా వెనక్కి పంపుతాయి. నెమలి ఈక మెరుపు కూడా ఇలాంటి నిర్మాణాల పనే.

2015లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, టరాంటులాల్లో నీలం రంగు కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పరిణమించిందని చెప్పింది. నిర్మాణాలు వేరైనా రంగు దాదాపు ఒకే నీలం. ఈ సాలీళ్లకు రంగులు తెలియవని అంతకుముందు అనుకునేవారు. 2020లో వచ్చిన మరో అధ్యయనం, రంగుల్ని గుర్తించే ప్రొటీన్లకు సంబంధించిన జన్యువులు వీటి శరీరంలో పనిచేస్తున్నాయని చూపింది. అంటే ఆ నీలం వాటికి ఏదో పనికి వస్తూ ఉండొచ్చు. జత కోసమా, మరొకందుకా అన్నది తేలలేదు.

పెట్టెలో బతకాలంటే

కుక్క, పిల్లిలాగా టరాంటులా యజమానిని గుర్తుపట్టదు. ప్రేమ చూపదు, చూపినా అర్థం చేసుకోదు. దీన్ని పెంచడమంటే అక్వేరియంలో చేపల్ని పెంచినట్టు, చూడడమే తప్ప తాకడం కాదు. ఈ సంగతి ముందే ఒప్పుకోలేని వారు దీని జోలికి పోకపోవడం మేలని అనుభవం ఉన్న పెంపకందారులే చెబుతారు.

పెట్టె: చెట్టెక్కే జాతి కాబట్టి వెడల్పు కన్నా ఎత్తు ఎక్కువ ఉన్న గాజు లేదా అక్రిలిక్ పెట్టె కావాలి. పెద్ద సాలీడుకు అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు సరిపోతుంది. అందులో నిలువుగా ఒక బోలు బెరడు ముక్క, అడుగున నాలుగైదు అంగుళాల కోకోపీట్, ఒక చిన్న నీళ్ల మూత ఉంటే చాలు. రెండు వైపుల నుంచీ గాలి ఆడాలి. గాలి ఆడక తేమ నిలిచిపోయిన పెట్టెలో బూజు పట్టి సాలీడు చస్తుంది. మూతకు గట్టి గొళ్లెం తప్పనిసరి. సన్నని సందు దొరికినా ఇది బయటపడుతుంది.

వేడి: 24 నుంచి 28 డిగ్రీలు అనుకూలం. చలి దేశాల్లో దీనికి హీటర్లు పెడతారు. తెలుగు రాష్ట్రాల్లో సమస్య తలకిందులు. 42 డిగ్రీల ఎండాకాలంలో మూసిన గదిలో గాజు పెట్టె పొయ్యిలా మారుతుంది. అడవిలో తొర్ర లోపల ఉండే చల్లదనం ఆ పెట్టెలో ఉండదు.

తిండి: కీచురాళ్లు, బొద్దింకలు. పెద్ద సాలీడుకు వారం పది రోజులకు ఒకసారి వేస్తే సరిపోతుంది. వీటిని పెంపకంలోవే తేవాలి. ఇంటి వంటగదిలోనో, తోటలోనో పట్టుకున్న పురుగు ఒంటి మీద పురుగుమందు ఉండొచ్చు.

భారతీయ ఇళ్లలో చాలామందికి తట్టని ప్రమాదం ఇక్కడే ఉంది. దోమల కోసం ప్లగ్గుకు పెట్టే ద్రవాలు, కాయిల్స్, బొద్దింకల స్ప్రేలు, చీమలకు గీసే సుద్ద, వీటిలో చాలా వాటిలో పైరిత్రాయిడ్ రకం రసాయనాలుంటాయి. మనిషికి పెద్దగా హాని చేయని మోతాదు సాలీడు నరాల వ్యవస్థను దెబ్బతీయగలదు. దోమల మందు లేకుండా వానాకాలం గడిచే ఇల్లు తెలుగునాట ఎన్ని ఉంటాయి? పక్క గదిలో పెట్టినా, అపార్టుమెంటు వాళ్లు కారిడార్లో కొట్టించినా ప్రమాదమే.

కుబుసం: టరాంటులా పెరగాలంటే పైపెంకును విడిచేయాలి. చిన్నప్పుడు నెలకో రెండు నెలలకో ఒకసారి, పెద్దయ్యాక ఏడాదికి ఒకసారి కుబుసం విడుస్తుంది. అందుకు ముందు కొన్ని వారాలు తిండి ముట్టదు. ఆ రోజున వెల్లకిలా పడుకుంటుంది. కొత్తగా పెంచేవారు చచ్చిపోయిందనుకుని కదిలించడం, బయట పారేయడం మామూలు పొరపాటు. అప్పుడు దాని ఒళ్లు మెత్తగా ఉంటుంది. పెట్టెలో వదిలేసిన కీచురాయి కూడా దాన్ని కొరికి చంపగలదు. నిజంగా చస్తున్న సాలీడు వెల్లకిలా పడదు. కాళ్లన్నీ ఒంటి కిందికి ముడుచుకుంటాయి. సాలీళ్లు కాళ్లు చాపేది కండరాలతో కాదు, లోపలి ద్రవం ఒత్తిడితో. ప్రాణం పోతుంటే ఆ ఒత్తిడి తగ్గి కాళ్లు ముడుచుకుపోతాయి.

ఆయుష్షు: ఆడ సాలీడు 11, 12 ఏళ్లు బతుకుతుంది. మగది మూడు, నాలుగేళ్లే. పిల్లగా కొన్నప్పుడు ఆడో మగో చెప్పడం కష్టం. కాలేజీలో ఉండగా కొన్న సాలీడు ఉద్యోగం, పెళ్లి, ఊళ్లు మారడం అన్నీ దాటి వెంట ఉండొచ్చు. లేదా రెండేళ్లకే పోవచ్చు.

వైద్యం: సాలీడుకు జబ్బు చేస్తే చూసే పశువైద్యులు దాదాపు లేరు. పడితే పొట్ట పగులుతుంది. చేతిలోకి తీసుకోవద్దని చెప్పడానికి ఇదీ ఒక కారణం. నేల మీద నాలుగడుగుల ఎత్తు నుంచి పడితే చాలు.

కరిస్తే?

పీసిలోథీరియా ప్రజాతి సాలీడు కాటు వల్ల మనిషి చనిపోయినట్టు నమోదు లేదు. అలాగని తేలిగ్గా తీసుకోదగ్గది కాదు. 2014లో ‘టాక్సికాన్’ పత్రికలో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఈ ప్రజాతి కాట్ల మీద అందుబాటులో ఉన్న వివరాలన్నీ క్రోడీకరించారు. సగానికి పైగా కేసుల్లో కండరాలు పట్టేశాయి. ఆ నొప్పులు కరిచిన వెంటనే రావు. సగటున పది గంటల తర్వాత మొదలై, వారం దాకా వదలకుండా బాధించవచ్చు. ఈ సాలీళ్ల కాటును వైద్యపరంగా తక్కువ అంచనా వేశారన్నది ఆ పరిశోధకుల నిర్ధారణ.

దీనికి ప్రత్యేకమైన విరుగుడు మందు లేదు. నొప్పి తగ్గించడం, కండరాల బిగువు సడలించడం, గాయం శుభ్రంగా ఉంచడమే చికిత్స. కాటు తిన్న మనిషి ఆసుపత్రికి వెళ్లి కరిచింది ఏ సాలీడో చెప్పగలగాలి. దొంగచాటుగా తెచ్చుకున్నవారు అక్కడ నోరు విప్పకపోతే డాక్టరు చీకట్లో వెతకాల్సి వస్తుంది. చిన్న పిల్లలున్న ఇంట్లో ఈ ప్రజాతిని ఉంచడం ఏ రకంగా చూసినా సరికాదు.

అడవి నుంచి పెట్టెలోకి

2001లో నల్లమలలో మళ్లీ కనిపించిన కొద్ది సంవత్సరాల్లోనే గుత్తి సాలీడు విదేశీ పెంపకందారుల పెట్టెల్లోకి చేరింది. మొదట్లో అరుదైన వస్తువుగా భారీ ధర పలికింది. పెట్టెల్లోనే పిల్లలు పెట్టించడం సాధ్యమయ్యాక ధర దిగివచ్చింది. ఒక గుడ్ల సంచిలో వందకు అటూ ఇటూ గుడ్లుంటాయి. ఇప్పుడు ఐరోపా, అమెరికాల్లో అమ్ముడయ్యేవి చాలా వరకు పెంపకంలో పుట్టినవే.

సాలీళ్ల వ్యాపారం ఎంత విస్తరించిందో 2022లో ‘కమ్యూనికేషన్స్ బయాలజీ’ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపింది. ఆన్‌లైన్ అమ్మకాలను గాలించిన పరిశోధకులకు 1,200కు పైగా సాలీడు, తేలు జాతులు వ్యాపారంలో కనిపించాయి. వాటిలో అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఉన్నవి రెండు శాతమే. శాస్త్రవేత్తలు కొత్త జాతిని ప్రకటించిన కొద్ది కాలానికే అది అమ్మకానికి రావడం కూడా వారు గమనించారు. అందుకే కొందరు పరిశోధకులు కొత్త జాతులు దొరికిన చోటును కచ్చితంగా చెప్పడం మానుకుంటున్నారు.

ఒక చిన్న అడవి ముక్కలో బతికే జాతికి పది మంది వేటగాళ్లు కూడా ఎక్కువే. ఏళ్ల తరబడి బతికి గుడ్లు పెట్టే పెద్ద ఆడ సాలీళ్లకే గిరాకీ ఎక్కువ. వాటిని ఎత్తుకుపోతే వచ్చే తరమే ఆగిపోతుంది. పట్టుకోవడానికి తొర్ర తవ్వినా, బెరడు ఒలిచినా, సాలీడుతో పాటు దాని ఇల్లూ పోతుంది.

ప్రపంచం ఏం చేసింది?

అంతరించే జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం సైటిస్. పీసిలోథీరియా ప్రజాతి మొత్తాన్ని అందులో చేర్చాలని శ్రీలంక, అమెరికా 2000లోనే ప్రతిపాదించాయి. తర్వాత ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకున్నాయి. శ్రీలంక తన చట్టంలో ఈ సాలీళ్లను వ్యాపారం కోసం పట్టడాన్ని, ఎగుమతి చేయడాన్ని నిషేధించింది. అమెరికా 2018లో శ్రీలంకకు చెందిన ఐదు పీసిలోథీరియా జాతులను తన అంతరించే జాతుల చట్టం కిందికి తెచ్చింది.

2019 ఆగస్టులో జెనీవాలో జరిగిన సైటిస్ 18వ సమావేశంలో ఆ రెండు దేశాలే మళ్లీ ప్రతిపాదన పెట్టాయి. ఈసారి నెగ్గింది. పీసిలోథీరియా ప్రజాతి మొత్తం రెండో అనుబంధంలోకి చేరింది. అదే ఏడాది నవంబరు 26 నుంచి అమల్లోకి వచ్చింది. రెండో అనుబంధమంటే వ్యాపారం పూర్తిగా నిషేధం కాదు. దేశం దాటించాలంటే ఎగుమతి చేసే దేశం అనుమతి పత్రం ఇవ్వాలి. ఆ వ్యాపారం వల్ల అడవిలోని జాతికి హాని లేదని తేల్చాలి. పెంపకంలో పుట్టినవాటికి కూడా పత్రాలు కావాలి.

మొదటి ప్రతిపాదనకూ ఆమోదానికీ మధ్య దాదాపు 19 ఏళ్లు గడిచాయి. గుత్తి సాలీడు మళ్లీ కనిపించడం, విదేశాలకు చేరడం, అక్కడ వేలల్లో పెరగడం అంతా ఆ మధ్యలోనే జరిగిపోయింది.

భారత చట్టంలో ఏముంది?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. సైటిస్ జాతుల కోసం అందులో ప్రత్యేక అధ్యాయం చాలా ఆలస్యంగా వచ్చింది. 2022లో పార్లమెంటు ఆమోదించిన సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. సైటిస్ అనుబంధాల్లోని జాతుల కోసం దానిలో నాలుగో షెడ్యూలును ఏర్పాటు చేశారు. దీని ప్రకారం ముఖ్యమైన నిబంధనలు ఇవీ:

నాలుగో షెడ్యూలులోని సజీవ జంతువు ఎవరి దగ్గరున్నా ప్రభుత్వానికి తెలియజేసి నమోదు చేయించుకోవాలి. కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ 2024 ఫిబ్రవరిలో ఇందుకు నియమాలు ప్రకటించింది. పరివేష్ 2.0 పోర్టల్ ద్వారా దరఖాస్తు చేయాలి. అప్పటికే దగ్గరున్నవాటి కోసం ఆరు నెలల గడువు ఇచ్చారు. ఆ గడువు ముగిసింది. పిల్లలు పుట్టినా, వేరొకరికి ఇచ్చినా, చనిపోయినా చెప్పాలి.

ఈ నమోదు అడవిలో పట్టుకున్న జీవికి లైసెన్సు కాదు. అభయారణ్యం నుంచి ఏ వన్యప్రాణిని తొలగించినా నేరమే. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా చెట్టు తొర్రలు తవ్వడం అటవీ చట్టాల కింద వేరే కేసు. కాబట్టి నల్లమల నుంచి తెచ్చిన సాలీడును చట్టబద్ధంగా దగ్గర ఉంచుకునే దారి సామాన్యుడికి లేదు.

విదేశాల నుంచి తెప్పించుకోవడం కూడా తేలిక కాదు. సజీవ జంతువుల దిగుమతికి విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ లైసెన్సు, ఆరోగ్య ధ్రువపత్రాలు కావాలి. సైటిస్ జాతి అయితే ఆ పత్రాలు అదనం. పోస్టులో వచ్చిన పార్శిల్ ఇవేవీ లేకుండా దొరికితే ఏం జరుగుతుందో 2021 జులైలో చెన్నైలో తేలింది. పోలండ్ నుంచి తమిళనాడులోని అరుప్పుకోట్టై చిరునామాకు వచ్చిన పార్శిల్‌ను కస్టమ్స్ అధికారులు తెరిచారు. వెండి రేకు, దూది చుట్టిన 107 చిన్న ప్లాస్టిక్ సీసాలు బయటపడ్డాయి. ఒక్కో దానిలో ఒక్కో సజీవ సాలీడు. వాటిలో సైటిస్ నియంత్రణలో ఉన్న మెక్సికో ప్రాంతపు బ్రాకీపెల్మా ప్రజాతి కూడా ఉన్నట్టు నిపుణులు గుర్తించారు. పార్శిల్‌ను వచ్చిన దేశానికే తిప్పి పంపాలని నిర్ణయించారు.

పెంపకం జాతిని కాపాడుతుందా?

ఈ ప్రశ్న దగ్గర పెంపకందారులకూ పరిరక్షకులకూ మధ్య వాదన నడుస్తోంది. పెంపకందారుల వాదనలో బలం లేకపోలేదు. పెట్టెల్లో పుట్టినవి చవకగా దొరికితే అడవిలో పట్టుకోవాల్సిన అవసరం తగ్గుతుంది. గుత్తి సాలీడు పునరుత్పత్తి, కుబుసం, ఆయుష్షు గురించి తెలిసిన వివరాల్లో చాలా భాగం వారి పెట్టెల్లో గమనించినవే. రేపు అడవిలో ఈ జాతి పోయినా ప్రపంచం నుంచి పూర్తిగా పోదని వారు అంటారు.

పరిరక్షకుల జవాబు మరోలా ఉంది. పెట్టెల్లోని సంతతి కొద్ది సాలీళ్ల నుంచి వచ్చింది. ఏది ఏ చోటి నుంచి వచ్చిందో రికార్డు లేదు. ఒకే ప్రజాతిలోని వేరు వేరు జాతులను కలిపి సంకరాలు పుట్టించిన సందర్భాలున్నాయి. అలాంటి వాటిని తిరిగి అడవిలో వదలలేం. వాటితో కొత్త రోగాలూ వెళ్లొచ్చు. పైగా అమ్మకందారు ‘పెంపకంలో పుట్టినదే’ అంటే కొనేవాడికి సరిచూసుకునే మార్గం లేదు. ఆ మాట చాటున అడవిలో పట్టినవీ మార్కెట్లోకి వస్తాయి.

రెండు వాదనలూ కలిసే చోటు ఒకటుంది. వదలడానికి అడవి లేకపోతే పెట్టెలో ఎన్ని ఉన్నా లాభం లేదు. గుత్తి సాలీడుకు కావలసింది తొర్రలు పట్టేంత వయసున్న చెట్లు. అలాంటి చెట్టు పెరగడానికి కొన్ని దశాబ్దాలు పడుతుంది. పులి కోసం, ఏనుగు కోసం వచ్చేంత డబ్బు, పట్టింపు సాలీడు కోసం రావు. పెద్దపులుల అడవిగా నల్లమలకు ఉన్న రక్షణ నీడ ఈ సాలీడు బతికే ప్రతి చెట్టు మీదా పడుతుందన్న భరోసా లేదు.

ఇప్పటికే దగ్గరుంటే, ఎక్కడైనా కనిపిస్తే

టరాంటులాను కొనాలనుకునేవారు ముందుగా దాని కచ్చితమైన శాస్త్రీయ నామం, అది సైటిస్ జాబితాలో ఉందో లేదో, అమ్మేవారి దగ్గర నమోదు పత్రం ఉందో లేదో చూసుకోవాలి. రంగు చూసి, ధర చూసి కొంటే చట్టం ముందు తెలియదన్న జవాబు చెల్లదు. పీసిలోథీరియా ప్రజాతి సాలీడును పత్రాలు లేకుండా అమ్మజూపితే దూరంగా ఉండడమే మంచిది.

ఇప్పటికే దగ్గరున్నవారు దాన్ని ఊరి బయట చెట్ల మీద వదలకూడదు. విదేశీ జాతి అయితే అది చస్తుంది, లేదా స్థానిక జీవులకు చేటు తెస్తుంది. స్వదేశీ జాతి అయినా అది పుట్టిన చోటు కాని అడవిలో వదలడం సాయం కాదు. జిల్లా అటవీ అధికారికి గానీ, జూ అధికారులకు గానీ సమాచారం ఇవ్వడం సరైన దారి.

పొలం గట్టు మీదో, పశువుల కొట్టంలోనో చెయ్యంత సాలీడు కనిపిస్తే అది ఈ కుటుంబానికి చెందిన స్థానిక జాతి కావచ్చు. వానలు మొదలైనప్పుడు జత కోసం తిరిగే మగవి ఎక్కువగా కంటపడతాయి. చెప్పుతో కొట్టనక్కర్లేదు, చేత్తో ముట్టుకోనక్కర్లేదు. వెడల్పు మూతి డబ్బా బోర్లించి, కిందుగా అట్టముక్క తోసి, దగ్గరలోని చెట్టు మొదట్లో విడిచిపెడితే చాలు. అంతకు ముందు ఒక ఫొటో తీసి అటవీ శాఖకో, దగ్గరలోని విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగానికో పంపితే ఇంకా మంచిది. నూరేళ్లు కనబడకుండా పోయిన జాతి మళ్లీ దొరికిన నేల ఇది. ఎక్కడ ఏ సాలీడు బతుకుతోందన్న లెక్క ఇంకా పూర్తి కాలేదు.